రోడ్డా, డొంకా? చెయ్యెత్తండి

2024 ఆగస్టు 23, శుక్రవారం. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. రెండో వరస ప్లాస్టిక్ కుర్చీలో మీరు కూర్చున్నారు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మైకు కీచుమంటోంది. ఎదురుగా బల్ల మీద పొడుగాటి తీర్మానాల పుస్తకం తెరిచి ఉంది. పంచాయతీ కార్యదర్శి స్కేలు పెట్టి గడులు గీస్తోంది. పని పేరు, ఎక్కడ, ఎంత పొడవు, అంచనా ఎంత. గడులన్నీ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఊరి పేరు అడక్కండి. జి.కొండూరు మండలంలో, బుడమేరు మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు దిగువన ఉండే ఊళ్లలో ఒకటి అనుకోండి. గట్టెక్కితే ఒక పక్క కాలువ, ఇంకో పక్క మీ పొలాలు, ఆ వెనక మీ ఇళ్లు. ఇక్కణ్ణుంచి నీళ్లు వదిలితే రాయనపాడు, పైడూరుపాడు, జక్కంపూడి దాటి బెజవాడ సింగ్‌నగర్‌కి చేరతాయి. ఆ సంగతి ఇవాళ ఎవరి బుర్రలోనూ లేదు.

ఇదే రోజు రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ గ్రామసభే. ఉపాధి హామీ డబ్బుతో ఏ ఊళ్లో ఏ పని జరగాలో ఆ ఊరే చెప్పాలని పెట్టిన సభ. అన్ని ఊళ్లూ ఒకే రోజు ఇలా కూర్చోవడం మునుపెన్నడూ లేదంటున్నారు. వెనక వరసల్లో మాత్రం గొణుగుడు మొదలైంది. సంతకం పెట్టేసి వెళ్లిపోవచ్చా, పొలంలో మనుషులున్నారు అంటున్నారు.

ఫీల్డ్ అసిస్టెంట్ లేచి కాగితం చదువుతున్నాడు. పశువుల షెడ్లు. పంట కుంటలు. ఇంకుడు గుంతలు. కాలువ పూడికతీత. సీసీ రోడ్లు.

ఆ చివరి మాటకి కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి.

"మా వీధి రాయమ్మా ముందు!"

"మీ వీధికేం, ఆటో అయినా వస్తది. మా కోడలికి నొప్పులొచ్చిన రోజు బండి దిగబడి సెంటర్ దాకా నడిపించుకుపోయాం. మాకు రాయండి."

ఈ మాటలో అబద్ధం లేదు. ఆ బురద మీకూ తెలుసు. మీ పాప స్కూలు ఆటో తిరిగేది అందులోనే. సీసీ రోడ్డు కోసం ఊరు ఇంతగా కొట్లాడటం దురాశ కాదు. కాలికి తగిలే కష్టం అది.

మూల కుర్చీలోంచి ఓ పెద్దాయన లేస్తున్నాడు. మెడలో తువ్వాలు, చేతిలో కర్ర. మైకు వద్దన్నాడు.

"రోడ్డు వద్దనట్లేదు నేను. మొన్న అప్రోచ్ రోడ్డు రెండడుగులు లేపి వేశారు. బాగుంది. కింద తూములు మాత్రం పాతవే ఉంచారు. ఒకదాంట్లో గుర్రపుడెక్క, ఇంకోదాంట్లో మట్టి. డొంక పక్కన కాలువ అసలు కనపడట్లేదు. ఆ వెంచర్ వాళ్లు గ్రావెల్ తోలి కప్పేశారు. నీళ్లొస్తే ఎటు పోతాయో చెప్పండి నాకు."

డొంక అంటే పట్నం వాళ్లకి తెలియకపోవచ్చు, మీకు తెలుసు. పొలాలకు బళ్లు వెళ్లే మట్టి దారి. వానాకాలంలో దాని పక్క కాలువలోంచే ఊరి నీళ్లు దిగువకి పోతాయి. అది ఎవరి సొత్తూ కాదు. కాబట్టే అందరికంటే ముందు అది పూడిపోతుంది.

"బాబాయ్, అది తర్వాత చూద్దాంలే," అంటున్నారు సర్పంచ్. మాటలో చిన్నచూపు లేదు. ఆయన ముందు ముప్ఫై వీధుల పేర్లున్నాయి.

మీ పక్కన కూర్చున్న కుర్రాడు మిమ్మల్నే అడుగుతున్నాడు. "అవునండీ, వెంచర్‌కి పర్మిషన్ ఎవరిచ్చారు? బోర్డు మీద పంచాయతీ అప్రూవ్డ్ అని ఉందే?"

ఈ సందేహం రావాల్సిందే. పొలాన్ని ప్లాట్లు చెయ్యడానికి పంచాయతీ ఒక్కటే చెయ్యూపితే చాలదు. రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్డీఏ గానీ, పట్టణ ప్రణాళిక శాఖ గానీ నక్షా చూసి సాంకేతిక ఆమోదం ఇవ్వాలి. ఆ తర్వాతే పంచాయతీ ఆఖరి అనుమతి ఇస్తుంది. రోడ్లతో పాటు పదో వంతు ఖాళీ స్థలాన్ని పంచాయతీ పేర రాసివ్వాలి. పక్కన పది మీటర్ల కంటే వెడల్పైన వాగు పోతుంటే, దాని అంచు నుంచి 9 మీటర్ల దాకా ఏమీ కట్టకూడదు. ఇంత ఉంటే, బోర్డు మీద మాత్రం రెండే మాటలు రాస్తారు. కొనేవాళ్లు ఆ రెండు మాటలే చదువుతారు. హద్దు రాళ్లు పాతుతుంటే ఊరు చూస్తూ ఊరుకుంటుంది, ఎందుకంటే సెంటు రేటు పెరిగితే అందరికీ సంతోషమే.

కార్యదర్శి తలెత్తింది. "చేతులెత్తండి. మొదటి ప్రాధాన్యం దేనికి?"

రోడ్డుకి చేతులు లేస్తున్నాయి. ముందు వరస, మధ్య వరస, ఆడవాళ్ల వైపు దాదాపు అందరూ. డొంక కాలువకి ఒక్క కర్ర లేచింది.

మీ చెయ్యి ఇంకా ఒళ్లోనే ఉంది. సర్పంచ్ మీ వైపే చూస్తున్నారు. పక్కింటావిడ మోచేత్తో పొడుస్తోంది. మీకు రోడ్డు కావాలి. పెద్దాయన చెప్పిందీ మీకు అర్థమైంది. రెండూ రాయమని అడగొచ్చని తడుతోంది గానీ, మైకు చాలా దూరంగా ఉంది, లేచి మాట్లాడటం అలవాటు లేదు.

పుస్తకంలో మొదటి గడి నిండింది. సీసీ రోడ్డు. డొంక కాలువ పదకొండో నంబరు. మీరు కింద సంతకం పెట్టారు. కాఫీ ఇచ్చారు. ఇంటికి వచ్చేశారు.

ఆ రోజు నుంచి సరిగ్గా ఎనిమిదో రోజు. ఆగస్టు 31, శనివారం.

వాన తెరిపి ఇవ్వట్లేదు. పెరట్లో బకెట్ పెడితే మళ్లీ చూసేసరికి పొర్లిపోతోంది. ఫోన్లో ఒకటే వీడియోలు. మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడిందట. విజయవాడలో ఈ ఒక్క రోజు వాన పాతిక సెంటీమీటర్లు దాటింది. మైలవరం వైపు కొండల మీద పడ్డ నీళ్లన్నీ ఇక బుడమేరులోకే దిగాలి.

రాత్రి భోజనాలయ్యాక మీరు టార్చి పట్టుకుని గట్టెక్కుతున్నారు. కాలు జారుతోంది. తుమ్మ కొమ్మ పట్టుకుంటే ముల్లు దిగింది. పైకి వచ్చాక లైటు వేసి చూశారు.

నీళ్లు అక్కడే ఉన్నాయి. మీ పాదాలకు జానెడు కిందుగా. ఎర్రగా, నురగతో, ఎక్కడా ఆగకుండా పోతున్నాయి. చప్పుడు చెవిలో కంటే అరికాళ్లలో ఎక్కువ తెలుస్తోంది.

గోనెసంచి కప్పుకుని, కాలువ కాపలా చూసే లస్కర్ నిలబడి ఉన్నాడు.

"ఏం బాబాయ్, పెరుగుతోందా?"

"ఇందాక ఇక్కడ గుంజ కనపడింది. ఇప్పుడు లేదు చూడు."

అసలు ఈ నీళ్లు ఇక్కడెందుకున్నాయి? బుడమేరు సొంత దారి ఇది కాదు. మైలవరం కొండల్లో పుట్టి, వెలగలేరు దాటి, విజయవాడకు ఉత్తరం అంచున పారి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా దూరి కొల్లేట్లో కలవడం దాని దారి. నగరం మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను పక్కకి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడేట్టు ఈ కాలువ తవ్వారు. పోలవరం కుడికాలువ నీళ్లు వచ్చి కలిసేది కూడా దీంట్లోనే. 15,000 క్యూసెక్కులకు లెక్కేసిన కాలువ ఇది. ఈ రాత్రి వస్తున్నది దానికి రెట్టింపుకు మించి.

వచ్చింది వచ్చినట్టు కృష్ణలోకి దిగిపోతే ఇంత భయం లేదు. దిగట్లేదు. కృష్ణ కూడా నిండి వస్తోంది. ఎల్లుండికి, అంటే సెప్టెంబరు 2 నాటికి, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరుతుంది. 1957లో కట్టినప్పటి నుంచి ఆ బ్యారేజీ అంత నీరు చూడలేదు. నది అంతెత్తున నిలబడితే కాలువ నోరు మూసుకుపోయినట్టే. నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. ఎగదన్నిన చోట మీరున్నారు.

"వెలగలేరు గేట్లు ఎత్తేశారంట," అంటున్నాడు లస్కర్.

ఎత్తితే ఆ నీళ్లు పాత బుడమేరు పట్టుకుని సింగ్‌నగర్ మీదకి పోతాయి. ఎత్తకపోతే ఈ గట్టు మీదకి వస్తాయి. ఒకప్పుడు ఆ పాత దారి పక్కన ఉన్నవి పొలాలు. పాయకాపురం, కుందావారి కండ్రిక వేరే ఊళ్లు. 1985లో నగరంలో కలిశాయి. ఇప్పుడక్కడ లక్షల మంది పడుకుని ఉన్నారు. ఏరు పక్కన ఇల్లు కట్టిన ప్రతిసారీ ఎక్కడో ఒక ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పడింది. లేదా పడాల్సిన సంతకం లేకుండానే ఇల్లు లేచింది. ఈ రాత్రి గేటు దగ్గరున్న మనిషికి ఏం చేసినా తప్పే అయ్యే పరిస్థితి అక్కడ నుంచే వచ్చింది.

కుర్రాళ్లు ఇసుక బస్తాలు మోసుకొస్తున్నారు. ఇసుక అయిపోతే మట్టి. మట్టి తడిసి జారిపోతోంది. మీరు నాలుగు బస్తాలు మోశారు. ఐదోది ఎత్తుతుంటే గట్టు దిగువన, పొలం వైపు, ఎవరో కేకేశారు.

"ఇక్కడ నీళ్లూరుతున్నాయి!"

దిగి చూశారు. గట్టు కాలి దగ్గర, గడ్డిలో, చిన్న ఊట. మొదట తేటగా ఉంది. మీరు చూస్తుండగానే బురద రంగుకి తిరిగింది.

తేట నీరు ఊరితే కాస్త ఆగొచ్చు. బురద నీరొస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. ఇది గట్టు మీద పుట్టి పెరిగిన ప్రతి మనిషికీ తెలుసు.

"పిల్లల్ని మెరకకి చేర్చండి." లస్కర్ గొంతు మారింది. "నిలబడొద్దు. పోండి!"

మీరు పరిగెడుతున్నారు.

సెప్టెంబరు 1, ఆదివారం. ఇంకా మసక వెలుతురే.

చప్పుడు ముందొచ్చింది. లారీ గ్రావెల్ దింపినట్టు. తర్వాత ఏం వినపడలేదు. ఆ తర్వాత కుక్కలు.

గట్టు తెగింది. కవులూరు, శాంతినగర్ దగ్గర ఎడమ గట్టుకు మూడు గండ్లు.

మీరు బడి మెట్ల మీద ఉన్నారు. ఊళ్లో ఎత్తైన చోటు అదే. నీళ్లు పొలం మీదుగా వస్తున్నాయి. వేగంగా లేవు. అదే భయంగా ఉంది. నడిచి వస్తున్నాయి. వరి మునిగింది. చేలో మోటారు షెడ్డు మునిగింది. వెంచర్ హద్దు రాళ్లు ఒక్కొక్కటీ కనపడకుండా పోతున్నాయి.

అప్రోచ్ రోడ్డు దగ్గర ఆగాయి.

రెండడుగులు లేపిన రోడ్డు. అవతల పాత ఊరు. ఇవతల, ఎగువ పక్కన, కాలనీ. పల్లం భూమి చవగ్గా వస్తుంది కాబట్టి ఇళ్ల స్థలాలు అక్కడిచ్చారు. చాలా ఊళ్లలో ఇంతే. పేదవాళ్ల ఇల్లు పల్లంలోనే పడుతుంది.

తూములు పని చెయ్యట్లేదు. నీళ్లకి దారి లేదు. కాలనీలో పెరుగుతున్నాయి.

మోకాలు.

తొడ.

ఒకావిడ గేదె పలుపు కోస్తోంది. కొడవలి జారింది. మళ్లీ తీసింది. గేదె ఈదింది. ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

"రోడ్డు తెగ్గొట్టండి!" కాలనీ నుంచి అరుపు.

"తెగ్గొడితే మా ఇళ్లలోకి వస్తాయి!" పాత ఊరి నుంచి అరుపు.

జేసీబీ ఉంది. డ్రైవర్ సీట్లో ఉన్నాడు. తాళం చెవి తిప్పాడు. మీ వైపు చూస్తున్నాడు. సర్పంచ్ గారికి ఫోన్ కలవట్లేదు. కార్యదర్శి ఉండేది విజయవాడలో. వీఆర్వో గట్టు దగ్గర ఉన్నాడు. ఇక్కడ ఉన్నది మీరు.

తెగ్గొడితే బయటికి ట్రాక్టర్ పోదు. పాలు పోవు. మందులు రావు. మీ ఇంట్లోకి అరడుగు నీళ్లొస్తాయి. తెగ్గొట్టకపోతే కాలనీలో పిల్లలున్నారు. కొందరు ఇంకా ఇళ్లలోనే ఉన్నారు.

నడుము దాకా వచ్చింది.

ఇప్పుడు ఓటింగ్ లేదు. పుస్తకం లేదు. గడి లేదు.

మీరు చెయ్యెత్తారు.

"కొట్టు!"

బకెట్ తారులో దిగింది. పెళ్ల లేచింది. ఇంకో పెళ్ల. నీళ్లు నాలుక చాపి తొంగి చూశాయి. ఆపై దూకాయి. మూడు నిమిషాల్లో గండి ఆటో పట్టేంత అయింది. కాలనీ గోడ మీద తడి గీత కిందికి దిగడం మొదలైంది. ఒక ఇటుక. రెండు ఇటుకలు.

పాత ఊళ్లోంచి ఎవరో తిడుతున్నారు. పేరు పెట్టి. మీకు వినపడుతోంది.

అదే నీళ్లు మిమ్మల్ని దాటి ముందుకు పోయాయి. రాయనపాడు స్టేషన్లో పట్టాల మీద నీరు. రైళ్లు ఆగిపోయాయి. పొద్దెక్కేసరికి సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తులోకి మనుషులు ఎక్కేశారు. రెండున్నర లక్షల మందికి పైగా నీళ్ల మధ్య చిక్కారు. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లతో అన్నం పొట్లాలు. ఆ తర్వాత కొన్నాళ్లకి దిగువన నందివాడ మండలం ఊళ్లు, ఆపైన కొల్లేరు. నీళ్లు ఏ పంచాయతీ హద్దూ చూడలేదు.

గండ్లు పూడ్చడానికి వారం పట్టింది. మీరు రోజూ గట్టు మీదకి వెళ్లి చూస్తున్నారు. లారీలు బండరాళ్లు తెచ్చి పడేస్తున్నాయి, నీళ్లు వాటిని తీసుకుపోతున్నాయి. జలవనరుల మంత్రి నిమ్మల రామానాయుడు గట్టు మీదే ఉండిపోయారు. మూడో గండి అన్నిటికంటే పెద్దది. సైన్యం దిగి, ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి వరసగా పేర్చింది. సెప్టెంబరు 7న ఆఖరి గండి మూసుకుంది. గట్టు మీదున్న వాళ్లు చప్పట్లు కొట్టారు. మీరూ కొట్టారు.

ఊళ్లో మాత్రం అప్పుడే అసలు పని మొదలైంది, దాన్ని ఎవరూ వీడియో తియ్యలేదు. మంచినీళ్ల ట్యాంకు మోటారు నీళ్లలో నాని పాడైంది. ట్యాంకు కడగాలి. బావుల్లో క్లోరిన్ వెయ్యాలి. చచ్చిన కోళ్లు, దూడలు పూడ్చాలి. వీధి లైట్ల వైర్లు చూడాలి. బ్లీచింగ్ బస్తా కోసం మీరు కార్యదర్శి వెంట తిరుగుతున్నారు. ఆ అమ్మాయి మూడు రోజులుగా అదే తడి చున్నీతో ఉంది. పంచాయతీ ఖాతాలో ఉన్నది చూస్తే మీకు నోట మాట రాదు. ముంపు బారిన పడ్డ 400 పంచాయతీలకు పంచాయతీరాజ్ మంత్రి, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ తన సొంత డబ్బులోంచి తలా లక్ష ఇస్తానని ప్రకటించారు. మంచి పనే. ఊరు తన మోటారు తాను బాగు చేయించుకోవడానికి ఇంకొకరి సొంత డబ్బు కోసం చూడాల్సి రావడం మాత్రం మనసుకు కష్టంగా ఉంది.

తర్వాత లెక్కలు. ఇల్లు మునిగితే కింది అంతస్తుకి 25,000, పై అంతస్తుకి 10,000. వరి మునిగితే హెక్టారుకి 25,000. కాలనీలో గోడ మీద తడి గీతని టేపుతో కొలుస్తున్నారు. ఆ గీత కిటికీ ఊచల కింద, నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తున ఉంది. దాని కింద సున్నం ఊడి మట్టి కనపడుతోంది. గీత పైన గోడకి పెన్సిల్‌తో పిల్లల ఎత్తులు గీసి ఉన్నాయి. అందులో చిన్న గీత నీటి గీతకి బెత్తెడు పైన మాత్రమే ఉంది.

దీని ముందు నిలబడి మీరు ఎంతసేపున్నారో మీకే తెలియదు.

అక్టోబరు 14. కంకిపాడులో పల్లె పండుగ మొదలైంది. ఆగస్టు 23న ఊళ్లు రాయించిన పనులకి శంకుస్థాపనలు. రాష్ట్రం మొత్తం 30,000 పనులు, 4,500 కోట్లు, 3,000 కిలోమీటర్ల సీసీ రోడ్లు. మీ ఊళ్లోనూ బోర్డు పాతారు. ఇంజినీరింగ్ అసిస్టెంట్ టేపు పట్టుకుని వీధి కొలుస్తున్నాడు. సంక్రాంతికల్లా అయిపోవాలట.

మీకు సంతోషంగానే ఉంది. పాప ఆటో ఇక దిగబడదు. అయినా మీరు ఇంటికి పోకుండా అతని పక్కకి వెళ్లారు.

"బాబూ, రోడ్డు ఎంత లేపుతున్నారు?"

అతను చెప్పాడు.

"మరి ఇటు నీళ్లు అటు పోవడానికి?"

టేపు ఆగింది. "అంచనాలో సైడు డ్రైను లేదండీ. తీర్మానంలో రోడ్డు అనే ఉంది."

అతని తప్పు కాదు. పుస్తకంలో ఉన్నదే అంచనాలోకి వెళ్తుంది. అంచనాలో ఉన్నదే భూమ్మీదకి వస్తుంది. ఆ పుస్తకం పక్కనే మీరు ఆ రోజు కూర్చున్నారు.

ఇక్కడ ఎవరూ విడమరిచి చెప్పని లెక్క ఒకటి ఉంది. అప్పటి ఉపాధి హామీలో కూలీకి 60, సామగ్రికి 40. సిమెంటు, కంకర వచ్చేది ఆ నలభైలోంచి. అంటే కూలి పనులు ఎంత ఎక్కువ జరిగితే సామగ్రి డబ్బు అంత పెరుగుతుంది. డొంక కాలువ పూడిక తియ్యడం కూలి పనే. ఆ కాలువ తవ్వకం రోడ్డుకి పోటీ కాదు. రోడ్డుకి డబ్బు పుట్టించే పనుల్లో అదీ ఒకటి. రోడ్డా డొంకా అని చేతులెత్తించడమే అవసరం లేదు. ఆ రోజు మైకు దాకా వెళ్లి ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే పదకొండో నంబరు రెండో నంబరు అయ్యేది. కాలువ ఎనిమిది రోజుల్లో తవ్వేసేవాళ్లు కాదు, నిజమే. గండ్లూ ఆగేవి కావు. తూముల్లోంచి గుర్రపుడెక్క తీయడానికి మాత్రం ఒక్క పూట చాలు.

గండ్లు పడటానికి కారణాలు ఈ ఊరి చేతిలో లేవు. కాలువ వెడల్పు, గట్టు బలం, గట్టు మట్టి లారీలెక్కి పోతుంటే ఆపాల్సిన వాళ్లు, ఇవన్నీ పైవాళ్ల బాధ్యత. వాళ్లని అడగడం మానొద్దు. ఊరి చేతిలో ఉన్నవి నాలుగే. రోడ్డు ఎంతెత్తున పొయ్యాలి, దాని కింద తూము ఎంత వెడల్పుండాలి, ఏ పల్లంలో ఇళ్ల స్థలం ఇవ్వకూడదు, ఏ వెంచర్ కాగితం అడగాలి. ఆదివారం పొద్దున కాలనీలో నీళ్లు నడుము దాకా రావడానికి, మోకాలి దగ్గరే ఆగిపోవడానికి మధ్య తేడా ఈ నాలుగే.

వచ్చే గ్రామసభకి టముకు వేస్తారు, లేదా వాట్సాప్‌లో పెడతారు. వెళ్లండి. వెళ్లేటప్పుడు గ్రామ నక్షా నకలు పట్టుకెళ్లండి. వాగు, డొంక, కుంట ఎక్కడున్నాయో అందులో గీసి ఉంటుంది. వాటిలో ఏది పూడిందో, ఏది ప్లాట్ల కింద పోయిందో లేచి చెప్పండి. వెంచర్ ఉంటే సాంకేతిక ఆమోదం కాగితం, పదో వంతు స్థలం రాసిచ్చిన దస్తావేజు చూపించమని అడగండి. రోడ్డు రాయించండి. రాయించేటప్పుడు పక్క డ్రైను, తూము వెడల్పు కూడా అదే గడిలో పడేట్టు చూడండి. కాలనీ వాళ్లని వెనక వరసలో కూర్చోనివ్వకండి, వాళ్ల మాటే ముందు వినండి. సంతకం పెట్టే ముందు ఆ పేజీ మొత్తం చదవండి. తీర్మానం నకలు చేతికి వచ్చాకే కుర్చీలోంచి లేవండి.